రెండు గంటల మంచు

పోటీ ఉందని శనివారం పొద్దుటిదాకా నీకు చెప్పలేదు.
బుధవారమే చెప్పి ఉంటే
బుధవారం నుంచే మొదలయ్యేది పోటీ.
నిద్రలో, గంజి గిన్నెలో, బడి బస్సులో,
మీ టీచరు ఓపిక చివరి అంచు మీద.
ఈ మాత్రం దాచడం అబద్ధం కిందికి రాదని
మీ అమ్మా నేనూ వంటింట్లో గుసగుసగా తీర్మానించుకున్నాం.

చెప్పగానే
ఒక కాలికే రెండు మేజోళ్ళూ తొడుక్కున్నావు.

తుయిస్కు!
నువ్వు పుట్టిన రాత్రి కిటికీ బయట కొట్టిన
మంచుతుఫాను పేరే నీకు పెట్టాం.
పేరుకి ఎంత బలముంటుందో
పెట్టాకే తెలిసింది.

బయల్దేరే ముందు ఒకసారి ఆడి చూసుకున్నాం.
ముందుగది తివాచీ కల్లవేసి సరస్సు,
సూపు గరిటె గాలం.
"ఈల మోగింది. అప్పుడు?"
"కన్నం తొలుస్తా."
"చేప పడలేదు. అప్పుడు?"
"ఇంకో కన్నం."
"మొత్తం ఎన్ని?"
"నాలుగు." వేళ్ళు మాత్రం ఏడు చూపించాయి.
"బహుమతి వేరేవాళ్ళకి వచ్చింది. అప్పుడు?"
గరిటె కింద పెట్టేశావు.
ఆ జవాబు సాధన చెయ్యకుండానే
కారెక్కేశాం.

ఒక గుర్తు మాత్రం అనుకున్నాం:
నేను చెవి తమ్మె పట్టుకుంటే
నువ్వు నీళ్ళకేసి చూసి పదిదాకా లెక్కపెట్టాలి.
అరుపుల్లేవు.
పదిమందిలో పేరు పెట్టి పిలవడాల్లేవు.

మార్చి ఎండ. మంచు మీద నూట ముప్పైమంది పిల్లలు.
బల్ల మీద మొదటి బహుమతి, ఎర్రటి బరమా.
గాలం లేకుండానే నీ కళ్ళు దానికి చిక్కుకున్నాయి.
బల్లకి వీపు తిరిగేలా నీ పీట వేశాను.
కన్నంలో తేలే మంచుముక్కలు తోడమని
చిల్లుల గరిటె చేతికిచ్చాను,
ఎదురుచూపుకి కూడా ఒక పని ఉండాలి కదా.
అరగంటకో బన్ను ముక్క,
చేప పడినా, పడకపోయినా.

ఐదో కన్నం తొలుస్తున్నప్పుడు
పక్కన ఓ పెద్దాయన గొణిగాడు:
"ఇంత గెంతితే చేపలుంటాయా?"
నేను విననట్టు థర్మాస్ మూత బిగించాను.
నీకు డాక్టరమ్మ ఒక కాగితమిచ్చింది,
దాని మీద ఏడీహెచ్‌డీ అని నాలుగక్షరాలు.
నా చిన్నప్పుడు దీనికి అక్షరాల్లేవు,
గోడవైపు తిరిగి నిలబడడమే ఉండేది.
ఆ గోడ రంగు ఇప్పటికీ చెప్పగలను.
విరిగిన పాల రంగు.

గంటా పది నిమిషాలకి
గాలపు కర్ర కొన వంగింది.
"లాగు! లాగు తల్లీ, లాగు!"
అరిచింది నువ్వు కాదు.
థర్మాస్ తన్నేసి, మోకాళ్ళ మీద పడి
నీ చేతిలో దారం గుంజుకోబోయిన
నలభై మూడేళ్ళ మనిషి.

నువ్వు నాకేసి చూశావు.
చేతితొడుగు తీశావు.
మెల్లగా
చెవి తమ్మె పట్టుకున్నావు.

నీళ్ళకేసి చూశాను. ఒకటి. రెండు.
ఆరు దగ్గర
మంచు మీద చేప తోక చప్పుడు.

బరమా ఒత్సో అనే పిల్లాడికి వెళ్ళింది.
రెండు గంటలూ ఒకే కన్నం ముందు
పోస్టుడబ్బాలా కూర్చున్నాడు వాడు.
కాసేపు వాడంటే నాకు గిట్టలేదు,
ఒప్పుకుంటాను.

అసలు తుఫాను కారులో వచ్చింది.
సీటు వీపు మీద తన్నులు, ఏడుపు,
ఎగిరొచ్చి అద్దానికి తగిలిన ఒక బూటు.
అంత ఎత్తు ఎక్కినవాళ్ళు
దిగాలి కదా, ఒక్కో మెట్టూ.
ఖాళీ బస్టాపు దగ్గర కారాపి
హీటరు పెంచి, ఊరుకున్నాను.
గెలుపోటముల మీద నా దగ్గరున్న మంచి మాటలన్నీ
నాలుక కిందే ఉంచుకున్నాను.

ఇరవై నిమిషాలకి వెనకనుంచి చిన్న గొంతు:
"నాన్నా, పదిదాకా లెక్కపెట్టావా?"
"ఆరు దాకా."
ముక్కు ఎగబీల్చిన చప్పుడు.
"నేను నాలుగు దాకా."
కాస్త ఆలోచించి,
"అయితే సరిపోయింది" అని
బూటు కోసం వెతుక్కున్నావు.